కాదనలేని వాళ్ల సంగతేమిటి?

‘‘మావాడు ఏమీ అనడండీ, భయపడకండి.’’ అపార్టుమెంట్లలో ఉండేవాళ్లలో ఈ మాట విననివారు తక్కువ. లిఫ్టు తలుపు తెరుచుకోగానే లోపల ఓ లాబ్రడార్, దాని బెల్టు పట్టుకుని నవ్వుతూ యజమాని. ఇన్నాళ్లూ లిఫ్టు దగ్గర వినబడిన మాట ఇప్పుడు బట్టల షాపుల్లో, మాల్స్‌లో, కాఫీ షాపుల్లో వినబడుతోంది. పెంపుడు కుక్కలకు స్వాగతం అని అద్దాల మీద రాసుకుంటున్న దుకాణాలు హైదరాబాద్‌లో పెరుగుతున్నాయి. ససేమిరా రానివ్వం అనేవీ ఉన్నాయి. రానివ్వాలా వద్దా అన్న వాదన మొదలైతే చాలు, కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఒకవైపు, చూస్తేనే ఒళ్లు జలదరించేవాళ్లు మరోవైపు చేరిపోతారు. నాకు కుక్కలంటే ఇష్టం. అయినా ఈ తగవు ఇష్టాయిష్టాలతో తేలేది కాదని గట్టిగా నమ్ముతున్నాను. ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కుక్క పక్కన నిలబడటం ఇష్టం లేని మనిషికి అక్కడినుంచి తప్పుకునే వీలుందా?

కొనడానికి వెళ్లినవాళ్లకు ఉంది. భయమేస్తే పక్క షాపుకి పోతారు. కానీ కౌంటరు వెనక పది గంటలు నిలబడే అమ్మాయికి లేదు. ట్రయల్ రూము దగ్గర బట్టలు మడతపెట్టే కుర్రాడికి లేదు. నేల తుడిచే ఆవిడకు లేదు, గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డుకు లేదు. కారు దిగి కుక్కతో లోపలికొచ్చిన కస్టమరుతో ‘‘అమ్మా, నాకు భయం, కాస్త దూరంగా పట్టుకోండి’’ అని వాళ్లు అనగలరా? అన్నారే అనుకోండి, ఆ సాయంత్రం సూపర్‌వైజరు ఏమంటాడో వాళ్లకు తెలుసు. అందుకే పళ్లబిగువున నిలబడతారు. కుక్క వచ్చి చీర అంచు వాసన చూస్తుంటే గోడకు అతుక్కుపోయి కూడా నవ్వు మొహం పెడతారు. ఆ నవ్వు చూసి యజమాని ‘ఇక్కడ మావాడంటే అందరికీ ముద్దే’ అనుకుంటారు.

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. ఆర్డరు ఇవ్వడానికి ఓ అపార్టుమెంటు మూడో అంతస్తుకి వెళ్లిన ఫుడ్ డెలివరీ యువకుడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ దూకబోయింది. తప్పించుకోబోయి అతను పైనుంచి పడిపోయాడు. ఆసుపత్రిలో చనిపోయాడు. అతను ఆ ఇంటికి ఇష్టపడి వెళ్లినవాడు కాదు, పని మీద వెళ్లాడు. తలుపు అవతల కుక్క ఉందని ముందే తెలిసినా ‘నేను రాను’ అనే అవకాశం అతనికి ఉండేది కాదు. పెంచుకునే జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి మనుషుల ప్రాణాలకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే శిక్ష మాట ఎప్పుడూ జరిగిపోయాక వచ్చేదే. బహిరంగ స్థలాల నియమాలు జరగకముందు కాపాడేలా ఉండాలి.

అలాంటి నియమం ఒకటి మన దేశంలో ఇప్పటికే ఉంది. అది రైల్వేలది. కుక్కను మనతోపాటు బోగీలో తీసుకెళ్లడం ఏసీ ఫస్ట్ క్లాసులోనో ఫస్ట్ క్లాసులోనో మాత్రమే కుదురుతుంది. అదీ తోటి ప్రయాణికులు ఒప్పుకుంటేనే. ఎక్కేటప్పుడు సరేనన్నవాళ్లు దారిలో అభ్యంతరం చెబితే కుక్కను గార్డు వ్యానుకు మార్చాల్సిందే. కట్టిన డబ్బు వెనక్కి రాదు. అందుకే కుక్కలున్న కుటుంబాలు కూపే మొత్తం తమకే వచ్చేలా చూసుకుంటాయి. స్లీపరులోకి, త్రీ టైరులోకి, చైర్ కారులోకి అసలు రానివ్వరు. ఈ నియమంలో నాకు నచ్చింది దాని పొందిక. కుక్కను తీసుకెళ్లాలనుకున్నవాడికి దారి మూసేయలేదు, కుక్కకూ చోటు చూపించింది. ఆఖరి మాట మాత్రం పక్క బెర్తు మనిషికి వదిలింది. కారణం చెప్పమని కూడా ఆ మనిషిని అడగదు. భయమో, ఉబ్బసమో, వాసన పడకపోవడమో, మడో, ఏదైనా కావచ్చు. ‘వద్దు’ అంటే వద్దు.

ఇదే సూత్రాన్ని మన బజారులోకి తెచ్చి చూడండి, చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. మనుషులు తప్పనిసరై వెళ్లే చోట్లు ఉన్నాయి: ఆసుపత్రి, మందుల షాపు, బస్సు, రేషన్ దుకాణం, తహసీల్దారు ఆఫీసు, బడి. అక్కడ పెంపుడు కుక్క ఉండకూడదు. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధి కుక్కలను తరలించమంది. అది వీధి కుక్కల గురించి ఇచ్చిన ఆదేశమే గానీ, అందులో చెప్పిన చోట్లన్నీ ఎలాంటివో గమనించండి. జ్వరంతో ఉన్న పిల్లాణ్ని ఎత్తుకుని ఓపీ లైనులో నిలబడ్డ తల్లి ఎటు తప్పుకుంటుంది?

తిండి దొరికే చోట్ల విషయంలో చట్టమే మాట్లాడుతోంది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2011 నాటి లైసెన్సింగ్ నిబంధనల్లో, నాలుగో షెడ్యూలులో, జంతువులను, పక్షులను, పెంపుడు ప్రాణులను ఆహార సంస్థల ఆవరణలోకి రానివ్వకూడదని రాసి ఉంది. వంటగది ఒకచోట, ఆరుబయట కుర్చీలు మరోచోట ఉన్న కాఫీ షాపులకు వేరే నియమం కావాలంటే ఆ సంస్థే స్పష్టంగా రాయాలి. ఇప్పటిలా చూసీచూడనట్టు వదిలేస్తే రేపు ఏదైనా జరిగినప్పుడు నష్టపోయేది ఆ షాపు నడిపే చిన్న వ్యాపారే.

‘‘అమెరికాలో ఎక్కడికైనా తీసుకెళ్తారండీ, మనమే ఇలా’’ అనే మాట తరచు వింటాం. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లను అడిగితే అసలు సంగతి చెబుతారు. కూరగాయలు, పాలు అమ్మే చాలా దుకాణాల తలుపుల మీద ‘సర్వీస్ జంతువులకు మాత్రమే ప్రవేశం’ అనే బోర్డు ఉంటుంది. అక్కడ హక్కుగా లోపలికి వచ్చేది వికలాంగుల కోసం శిక్షణ పొందిన కుక్క. 1990లో వచ్చిన అమెరికన్ వికలాంగుల చట్టం కింద, అది సర్వీస్ కుక్క అన్న సంగతి పైకి తెలియకపోతే, దుకాణం సిబ్బంది రెండే ప్రశ్నలు అడగవచ్చు. ఈ కుక్క వైకల్యం కారణంగా అవసరమైందా? ఇది ఏ పని చేయడానికి శిక్షణ పొందింది? కాగితాలు చూపమనడానికి లేదు, వైకల్యం ఏమిటని గుచ్చి అడగడానికి లేదు. మనసుకు ఊరటనిచ్చే పెంపుడు జంతువు ఈ చట్టం కింద సర్వీస్ జంతువు కాదు. మనం అక్కడినుంచి అరువు తెచ్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే. చూపులేని మనిషికి దారి చూపించే కుక్కలు మన దగ్గర చాలా అరుదు. అయినా ఆ మనిషిని, ఆ కుక్కను ఏ గుమ్మం దగ్గరా ఎవరూ ఆపకూడదు, హోటలైనా ఆసుపత్రైనా సరే. ఇక్కడ ఎవరి అంగీకారమూ అడగనక్కర్లేదు. ఎందుకంటే ఈసారి తప్పుకునే వీలు లేనిది ఆ చూపులేని మనిషికే.

కుక్కలంటే భయపడేవాళ్లను చాదస్తులుగా చూడటం నాకు బాధ కలిగిస్తుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఆ జబ్బు మనుషులకు సోకేది నూటికి తొంభైతొమ్మిది పాళ్లు కుక్కల వల్లే. కరిచిన చోట సబ్బుతో పారే నీటి కింద పావుగంట కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలని డాక్టర్లు చెబుతారు. తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇలా నెలరోజుల దాకా మళ్లీ మళ్లీ వెళ్లాలి. కూలికెళ్లే మనిషికి ఒక్కో ఇంజెక్షన్ ఒక్కో రోజు కూలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కలు నాలుగేళ్ల బాబును చంపేసిన దృశ్యం సీసీ కెమెరాలో నమోదై ఊరంతా చూసింది. ఆ బాబు తండ్రి వాచ్‌మన్. అలాంటి ఇళ్లలోని పిల్లలకు జాతి కుక్క, వీధి కుక్క అన్న తేడా ఏం తెలుస్తుంది? కుక్క లాలాజలం బట్టలకు తగిలితే కడుక్కుంటే గానీ నమాజుకు నిలబడలేని మనిషి ఉంటాడు. బొచ్చు గాలికి ఊపిరాడని మనిషి ఉంటాడు. వీళ్లెవరూ కుక్కలకు శత్రువులు కారు.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా అంతే గట్టిగా చెప్పాలి. కుక్కలను పెంచుకునేవాళ్లకు మన ఊళ్లు చేస్తున్న అన్యాయం తక్కువేమీ కాదు. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉండిపోయి ఒంటరిగా మిగిలిన అమ్మానాన్నలు ఎందరికో సాయంత్రం మాట్లాడటానికి ఉన్నది ఆ కుక్కే. దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలంటే ఆటో ఆపేవాడు ఉండడు. అపార్టుమెంటు సంఘం వాట్సాప్ గ్రూపులో రోజూ దెప్పిపొడుపులు. నిజానికి మెజారిటీ తీర్మానం చేసినా సరే, కుక్కను పెంచుకోవద్దని, లిఫ్టు ఎక్కించవద్దని సంఘాలు నిషేధించడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పార్కుల్లో పూర్తిగా వద్దనే బదులు వేళలు పెట్టుకోమంది. ఆ మాట వినే సంఘాలు ఎన్ని? లిఫ్టులోనూ రైల్వే పద్ధతే నడుస్తుంది. ఎక్కుతున్నవాళ్లు తటపటాయిస్తే కుక్కతో ఉన్నవారు తర్వాతి లిఫ్టుకి ఆగితే సరి, నిషేధాల అవసరమే రాదు.

2018లో జీహెచ్‌ఎంసీ కొండాపూర్‌లో 1.3 ఎకరాల్లో కుక్కల కోసమే పార్కు కట్టింది. దేశంలో అలాంటి వాటిలో మొదటిదని అప్పుడు గొప్పగా చెప్పుకున్నారు, చెప్పుకోదగ్గదే. కానీ ఇంత మహానగరానికి అలాంటి చోట్లు ప్రతి సర్కిల్‌లోనూ ఉండాలి. ఎల్.బి.నగర్‌లోనో మల్కాజిగిరిలోనో ఉండే మనిషి కుక్కను పరుగెత్తించడానికి కొండాపూర్ దాకా వెళ్లలేడు. విశాఖలో, విజయవాడలో, వరంగల్‌లో కూడా ఇదే అవసరం ఉంది. చోటు లేకనే చాలామంది మాల్‌కి తీసుకెళ్తున్నారు. ఏసీ చల్లగా ఉంటుంది, నడవడానికి నేల ఉంటుంది, సెల్ఫీకి వెలుతురూ ఉంటుంది.

ఆ కుక్కకు మాత్రం అక్కడ సుఖం ఉందా? నున్నటి టైల్స్ మీద దాని గోళ్లు పట్టు దొరక్క కాళ్లు జారిపోతుంటాయి. ఎస్కలేటర్ పళ్లలో పాదాలు ఇరుక్కుని గాయపడే ప్రమాదం ఉంటుంది. మోగే పాటలు, పిల్లల కేకలు, నలుదిక్కుల నుంచీ తల మీదికి వచ్చే చేతులు. తోక కాళ్ల మధ్యకు పెట్టుకుని, పదేపదే మూతి నాక్కుంటూ, నిద్ర రాకపోయినా ఆవలిస్తూ ఉందంటే అది బెదిరిందని అర్థం. బెదిరిన కుక్క ఎంత మంచిదైనా కరవవచ్చు. ‘మావాడు ఏమీ అనడు’ అనే మాట ఇంట్లో నిజమే. శనివారం సాయంత్రం మాల్‌లో దానికి ఎవరూ పూచీ పడలేరు. కాదనలేని వాళ్ల జాబితాలో ఆ కుక్క పేరు కూడా రాయాలి. బెల్టు పట్టి లాక్కెళ్తే అదీ వెళ్లాల్సిందే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మనుషులు తప్పనిసరిగా వెళ్లే చోట్ల, తిండి వండి అమ్మే చోట్ల వద్దు. దారి చూపే కుక్కకు ఎక్కడా అడ్డు వద్దు. మిగతా దుకాణాలది వాటి ఇష్టం, కానీ రానిస్తామనేవాళ్లు రెండు పనులు చేయాలి. ఆ మాట గుమ్మం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి, భయపడేవాళ్లు లోపలికి రాకముందే చూసుకునేలా. అంతకన్నా ముందు తమ దగ్గర పనిచేసేవాళ్లను విడివిడిగా పిలిచి అడగాలి. అందరి ముందూ అడిగితే ఎవరూ నోరు విప్పరు. భయం ఉందన్నవాళ్లను కుక్కలు రాని అంతస్తులో వేయాలి, జీతంలో గానీ షిఫ్టులో గానీ తేడా రానివ్వకూడదు. లోపలికి వచ్చే కుక్కకు ఆ ఏడాది రేబిస్ టీకా వేయించిన కార్డు, మున్సిపల్ లైసెన్సు ఉన్నాయో లేదో చూసే బాధ్యత మేనేజరుది, గేటు దగ్గరి గార్డుది కాదు. చేతికి దగ్గరగా ఉండే పొట్టి బెల్టు తప్పనిసరి. సాగే తాళ్లు రద్దీలో పనికిరావు. కుక్క మురికి చేస్తే తుడవాల్సింది తెచ్చినవాళ్లు, ఊడ్చే ఆవిడ కాదు.

కుక్కలను ప్రేమగా పెంచుకుంటున్న పాఠకులకు ఒక విన్నపం. ఈసారి ఏ దుకాణం గుమ్మమైనా దాటే ముందు యజమానిని కాదు, అక్కడ నిలబడి పనిచేసే మనిషిని అడగండి. ఆ మనిషి తటపటాయిస్తే దాన్నే జవాబుగా తీసుకోండి. మేనేజరును పిలవకండి, ‘ఏమీ అనదు’ అని నచ్చజెప్పకండి. కుక్కను తీసుకుని బయటికి వచ్చేయండి.