చెప్పు కుట్టడం కూడా పాఠమే

పిల్లలూ! ముందుగా మీ చెప్పును ఒకసారి చేతిలోకి తీసుకోండి. నవ్వకండి, తిప్పి అడుగు భాగం చూడండి. చాలామందికి మడమ దగ్గర, బయటి అంచున ఎక్కువ అరిగి వుంటుంది. నడిచేటప్పుడు నేలను మొదట తాకేది ఆ చోటే గదా! ఘర్షణ గురించి నేను నల్లబల్ల మీద గంటసేపు చెప్పేది ఆ అరుగుదలలో వుంది.

కోరుట్ల నుండి జగిత్యాలకు వచ్చే జాతీయ రహదారి పక్కన పంక్చర్ల దుకాణాల ముందు పాత టైర్ల గుట్టలు మీరు చూసే వుంటారు. వానాకాలంలో వాటిలో నీరు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి. అటు సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర పాలిస్టరు నూలు వ్యర్థం పోగవుతుంది. ఈ రెండింటితో చెప్పులు చేయడం మన ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో నేర్పాలని నా అభిప్రాయం.

పాత టైరును కరిగించి కొత్త టైరు పోయవచ్చుగదా అంటారేమో. కుదరదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికావాడు రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది ఎండకు జిగురవకుండా, చలికి పెళుసు బారకుండా గట్టిపడుతుందని కనిపెట్టాడు. గంధకం రబ్బరు అణువుల పొడవాటి గొలుసుల మధ్య ముడులు వేస్తుంది. ఆ ముడులు మామూలు వేడికి విడిపోవు. అందుచేత ప్లాస్టిక్ బకెట్ కరిగినట్లు టైరు కరగదు. మాడుతుంది, నల్లటి పొగ వదులుతుంది. కాబట్టి ఉన్నదాన్ని ఉన్నట్లే కోసి వాడుకోవడం తెలివైన పని. బరువు మోస్తూ వేల మైళ్ళు తిరగడానికి చేసిన రబ్బరు అది, మన కాళ్ళ కింద అంత త్వరగా అరగదు.

నిరుడు మా బడిలో నాలుగు శనివారాలు ఈ పని చేసి చూశాం. ఉక్కు తీగలున్న రేడియల్ టైర్లు పనికిరావు, చేతులు చీరుకుపోతాయి. నైలాను పొరలున్న ట్రాక్టరు ముందు టైరు తెచ్చి, అంచున వుండే ఇనుప చుట్టను దుకాణంలోనే తీయించాము. నేను కత్తి పెడితే రబ్బరులో బిగుసుకుని కదలలేదు. నేర్పడానికి వచ్చిన చెప్పులు కుట్టే తాత నవ్వి, తన రంపెను నీళ్ళలో ముంచి కోశాడు. జున్నులా తెగింది! నీటి పొర ఘర్షణను తగ్గించింది. ముప్ఫై ఏళ్ళుగా సైన్సు చెబుతున్న నాకు ఆ సంగతి తట్టలేదు.

జిగురు మాత్రం వాడవద్దన్నాను. 1970లలో ఇస్తాంబుల్ నగరంలో చెప్పులు చేసే కార్మికులకు జిగురులోని బెంజీన్ ఆవిరి వలన రక్త క్యాన్సర్ వచ్చినట్లు వైద్యులు గుర్తించారు. జిగురు లేకుండా చెప్పు నిలుస్తుందా? వియత్నాం యుద్ధంలో అక్కడివారు టైరు చెప్పులతోనే అడవులు దాటారు. అట్టకు పట్టీ కంటె చిన్న చీలిక పెట్టి, పట్టీని అందులోంచి బలంగా లాగేవారు. సాగిన రబ్బరు తిరిగి ముడుచుకుని పట్టీని బిగించేస్తుంది. పట్టీకి సైకిలు ట్యూబు సరిపోతుంది. సిరిసిల్ల నూలును జడలా అల్లినా బాగుంటుంది. పాలిస్టరు నీరు పీల్చదు, కుళ్ళదు. అయితే వేళ్ళ మధ్య ఒరుసుకుంటుంది, అందుకని ఉంగటానికి పాత నూలుగుడ్డ చుట్టాలి.

ఇక అసలు మాట. ఈ ఆలోచన చెప్పినప్పుడు తోటి ఉపాధ్యాయుడొకరు, "మంచిదే సార్, ఆ కులం పిల్లలకు నేర్పండి, పనికొస్తుంది" అన్నారు. నాకు కోపం వచ్చింది. తంగేడు చెక్కతో తోలును ఊనితే అది కుళ్ళదని ఆ పిల్లల ముత్తాతలకు తెలుసు. చెక్కలోని టానిన్ తోలులోని మాంసకృత్తులను పట్టి వుంచుతుందని మనం పుస్తకంలో చదువుకుని మార్కులు తెచ్చుకుంటాం, వాళ్ళ పేరు మాత్రం ఎత్తం. ఈ పని నేర్పితే తరగతిలోని అందరికీ నేర్పాలి, ఆడపిల్లలతో సహా. లేదంటే మొదలుపెట్టనే కూడదు. నేర్పే తాతకు కుర్చీ వేయాలి, రోజు కూలి కాదు, ఉపాధ్యాయుడికిచ్చినట్లు జీతమివ్వాలి.

ఒక తండ్రి నన్ను నిలదీశాడు: "ఈ పని వద్దనే గదా సార్ బడికి పంపింది?" ఆయన మాటలో న్యాయం వుంది. పట్నంలో ఫీజులు కట్టే బడి పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుంటే, సర్కారు బడి పిల్లలు మాత్రమే టైర్లు కోయడం నాకూ సమ్మతం కాదు. వారానికి రెండు గంటలు, అన్ని బడులలోనూ అనే నేనడిగేది. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. కొడుకును మాత్రం ఆపలేదు.

ఆ అబ్బాయి చేసిన ఎడమ చెప్పు మూడో రోజే ఊడింది. చీలిక వెడల్పయింది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మళ్ళీ కొయ్యి బిడ్డా" అని కొత్త ముక్క చేతికిచ్చాడు. ఈసారి వాడు ముందు పట్టీని స్కేలుతో కొలిచాడు.