క్రీడాసామగ్రి - తాళపుచెవి

విద్యాహక్కు చట్టము 2009లోనే ప్రతి తరగతికిని తగిన క్రీడాసామగ్రి యుండవలెనని విధించినది. 2018లో నారంభమైన సమగ్ర శిక్షా పథకము ఏటా ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయలవరకు ఇందుకై నిర్ణయించినది. అయినను పెక్కుచోట్ల బంతులు బీరువాలోనే బందీలై యున్నవి.

వస్తువు పోయినచో లెక్క చెప్పవలసివచ్చునను భయమే యిందుకు మూలము. ఈ భయమును మేము పరిహసింపము. అల్పవేతనముగల యుపాధ్యాయునకది నిజమైన భయమే. కాని వాడని తోలుబంతి బూజుపట్టుచున్నది, రబ్బరు పగులుచున్నది. ఆటలో నరిగినదానికి సంజాయిషీ యడుగువారు, చీకటిలో చివికినదానికేల యడుగరు?

నివారణము కష్టము గాదు. ఇనుపగుండ్లు క్రింది యరలోను, బంతులు గాలి తగులునట్లు వలసంచులలోను, ఈటెలు వంగకుండ గోడవెంట నడ్డముగను ఉంచవలెను. ఇచ్చిపుచ్చుకొనుటల లెక్క తరగతికొక విద్యార్థిచే వ్రాయింపవలెను. ఆటలో నరిగినదానిని పట్టీనుండి తొలగించుట నేరము గాదని అధికారులు స్పష్టముగ నుత్తరువు చేయవలెను.

బీరువా నిండియుండి మైదానము శూన్యమగుట పొదుపు గాదు. బాలబాలికల సొత్తును వారికి దక్కనీయకపోవుటయే.