పంచాంగమంత్రమును కార్యనిర్వహణమును

ఆదోనికి ప్రత్తి యెట్లో ఎమ్మిగనూరునకు నేత అట్లు. 1938లో మాచాని సోమప్పగారు అచట స్థాపించిన చేనేత సహకార సంఘము ఉత్పత్తిని, విక్రయమును ఒక్క కట్టడి క్రిందికి తెచ్చినది.

కౌటిల్యుడు మంత్రమునకు ఐదంగములు చెప్పెను: ఆరంభోపాయము, జనధనసంపత్తి, దేశకాలవిభాగము, ఆపత్ప్రతీకారము, కార్యసిద్ధి. 1996లో బ్రిటనులో వెలువడిన ‘ప్రిన్స్ 2’ పద్ధతిని చూచి, ఇదంతయు మన అర్థశాస్త్రముననే కలదని సంబరపడుట సులభము. అది సగము సత్యమే. ఆ పద్ధతిలో ప్రతి దశాంతమునను, ఈ పని యింకను చేయదగినదేనా యని ప్రశ్నింపవలెను, కానిచో నిలుపవలెను. ఈ పునర్విచారము ఐదంగములలో విడిగా లేదు. నేతగానికి మాత్రమిది క్రొత్త కాదు. తెగిన పడుగు అతుకక అతడు ముందునకు నేయడు.

తాళపత్ర పరిష్కరణములు, నిఘంటువులు సగములో నిలుచుటకు పాండిత్యలోపము కారణము కాదు. ఎవరు, ఎన్నాళ్లలో, ఆటంకము కలిగిన నేమి చేయుదురో ఆరంభమున వ్రాసికొనమి కారణము. అందులకు ఒక్క పుట చాలును.