డబ్బా మీద ఆకు బొమ్మ ఉంటే సరిపోదండీ

పైన వీడియోలో మా నానమ్మ టేకు బీరువాకి నూనె పూస్తుంటే చూసి "వ్యవసాయం మానేసి వడ్రంగం మొదలెట్టావా తమ్ముడూ" అని ఫోన్లు చేస్తున్నారు. కాదండీ. పోయినేడు నేను చేసిన తెలివితక్కువ పని ఇలా చేయిస్తోంది.

మా బియ్యం ప్యాకింగ్ గదిలో చెక్క ర్యాకులు నల్లబడిపోయాయి. కస్టమర్లు పొలం చూడ్డానికి వస్తున్నారు కదా, కాస్త నీట్‌గా ఉండాలని ఆన్‌లైన్‌లో ఆరు స్ప్రే పెయింట్ డబ్బాలు తెప్పించా. డబ్బా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, కింద "ఓజోన్‌కు హాని చేయదు" అని. ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోయింది. మూడో రోజు రత్నచోడి దంపుడు బియ్యం అందులో సర్దేశాం. పది రోజులకి హైదరాబాద్ నుంచి ఒక అక్క ఫోన్: "బాబూ, అన్నం థిన్నర్ వాసన వస్తోంది. మీరూ మందు కొడుతున్నారా?" ర్యాకుల సంగతి చెప్పినా ఆవిడ నమ్మలేదు. పాతిక కిలోల సంచులు ఎనిమిది. పశువులకి పెట్టబుద్ధి కూడా కాలేదు, కంపోస్టు గుంటలో పోశాం. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి దంపుడు బియ్యం వాసనల్ని ఇట్టే పట్టుకుంటుంది. నాకు తెలియక కాదు, ఆలోచించక.

ఓజోన్‌కు హాని లేదంటే సీఎఫ్‌సీ గ్యాస్ లేదని, అంతే. 1987 మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని అది ఎలాగూ వాడకూడదు. ఇప్పుడు చాలా డబ్బాల్లో పెయింటుని బయటికి తోసేది ఎల్‌పీజీ లాంటి మండే గ్యాసు. పెయింటు పల్చగా ఉండడానికి టోలీన్, జైలీన్, అసిటోన్ లాంటివి కలుపుతారు. డిప్లొమాలో పురుగుమందుల పాఠం చదివినవాళ్ళకి గుర్తుంటుంది, చాలా ఈసీ మందుల్లో మందుని కరిగించేది ఈ జైలీన్ జాతి ద్రావకమే. పొలం గట్టు మీదే ఆపేసినదాన్ని డబ్బులిచ్చి మరీ ఇంట్లోకి తెచ్చుకున్నాను.

అలాగని "ప్రకృతి రైతు ఇంట్లో పెయింటే ఉండకూడదు" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఇనప మంచానికి రంగు వేయకపోతే తుప్పు పడుతుంది. నీళ్ళతో కలిపే పెయింటు తీసుకుని బ్రష్‌తో వేయండి. స్ప్రే అయితే రంగు వస్తువు మీద కన్నా గాల్లోకే ఎక్కువ పోయినట్టుంటుంది. నీళ్ళ పెయింటు కూడా అమృతమేం కాదు, ఆరాక మిగిలేది ప్లాస్టిక్ పొరే. బ్రష్ కడిగిన నీళ్ళు కుడితి తొట్టి దగ్గరా, మొక్కల్లోనూ పోయకండి. ఆవు పేడతో ఖాదీ వాళ్ళు 2021లో తెచ్చిన ప్రాకృతిక్ పెయింట్ గురించి చాలామంది అడుగుతున్నారు. అది గోడలకి. రోజూ చెయ్యి తగిలే తలుపులకి నేనైతే వాడను.

చెక్కకైతే గానుగ అవిసె నూనె. పల్చగా పూసి, అరగంటాగి, మిగిలింది తుడిచెయ్యాలి. ఆరడానికి రోజులు పడుతుంది, ఓపిక కావాలి. అలా మూడుసార్లు, పైన కొద్దిగా తేనె మైనం. షాపులో డబుల్ బాయిల్డ్ అని అమ్మేదాంట్లో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతుంటారు, అది వద్దు. ఒక్క జాగ్రత్త: నూనె తుడిచిన గుడ్డల్ని ఉండలు చుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా ఆరుబయట ఆరేయండి.

పాత రంగు గీకేటప్పుడు తడిపి గీకండి, ముక్కుకి మాస్కు కట్టుకోండి. ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. తాతల నాటి రంగులో ఎంతుందో ఎవరికి తెలుసు? ఆ పొడి నాటుకోళ్ళు తిరిగేచోట అస్సలు పడకూడదు.

ఆ అక్క ఇంకా ఆర్డర్ పెట్టలేదు. ఈ వీడియో లింకు ఆవిడకీ పంపాను. నీలం టిక్కులు పడ్డాయి.