ఇంటి ముచ్చటలు: నేనార్పివేసిన యొక దినము



గడచిన మాసమున ఆవకాయ జాడీలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున, మనలో పెక్కురి యిండ్ల ప్రతిదినము జగడమునకు గారణమగుచున్న కంప్యూటరు ఆటలను గూర్చి వ్రాయదలచితిని. "మా పిల్లవాడు బడినుండి రాగానే ఆ తెరముందు గూర్చుండును. పిలిచిన పలుకడు. ఏమి చేయుదును?" అని నన్నడిగిన తల్లులు పలువురు. వారికి బుద్ధులు చెప్పుటకు ముందు నేను చేసిన తప్పును చెప్పుకొనుట న్యాయము.

మా పెద్దపిల్ల యీ యేడే కాలేజీలో జేరి దూరపు హాస్టలునకు బోయినది. పండ్రెండేండ్ల తమ్ముడు మా యొద్ద నున్నాడు. అక్క వెళ్లిననాటినుండి వానికి మాటలు తగ్గెను. ఆదివారము సాయంకాలమైన చాలు, మావారి కంప్యూటరు ముందు హెడ్‌ఫోనులు తగిలించుకొని కూర్చుండెడివాడు. ఒక యాదివారము అన్నమునకు మూడుమారులు పిలిచితిని. "ఒక్క నిమిషమమ్మా" అనుటయే గాని కదలడు. నాల్గవమారు పిలువలేదు. గోడయొద్దకు బోయి స్విచ్చి నార్పితిని.

వాడు ఏడువలేదు, అరువలేదు. నల్లబడిన తెరవంక చూచుచు, "అక్క కూడా పోయిందమ్మా" అనెను. నాకు బోధపడలేదు. ఇంతలో నా ఫోను మ్రోగెను. హాస్టలునుండి మా అమ్మాయి, "అమ్మా, కరెంటు పోయిందా?" అని యడిగెను. నేనే యార్పితినని చెప్పగా కొంతతడ వూరకుండి, "పోనీలే అమ్మా, వాణ్ణి కోప్పడకు. నేనే ఇంకొంచెంసేపు ఉండమన్నాను" అనెను. ఆ రాత్రి నాకు అన్నము సయింపలేదు.

మరునాడు వాని ప్రక్కను గూర్చుండి, ఆ యాట యెట్టిదో చూపుమంటిని. మా అత్తగారును పీట తెచ్చుకొని కూర్చుండిరి. దాని పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. అమెరికాలో సియాటిల్ ప్రాంతమువాడగు ఎరిక్ బరోన్ అను యువకుడు నాలుగేండ్లకు పైగా ఒంటరిగా శ్రమించి, కథ, బొమ్మలు, సంగీతము అన్నియు దానే కూర్చి 2016 ఫిబ్రవరిలో వెలువరించెను. నేటికి నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. ఒకమారు కొన్న చాలును; ఆ పిమ్మట వచ్చిన మార్పులకును చేర్పులకును మరల సొమ్మడుగలేదు.

కథ యేమనగా, పట్టణపు కచేరీలో విసిగిన మనవడు తాతగారు వదలిన పొలమునకు వచ్చును. గ్రామపెద్ద పదునైదు విత్తనములిచ్చును. రాళ్లు, మొద్దులు తొలగించి, దున్ని, విత్తి, నీరు పోయవలెను. వాన కురిసిననాడు నీరు పోయ బనిలేదు. ఋతువులు నాలుగు, ఒక్కొక్కటి యిరువదియెనిమిది దినములు. ఋతువు మారిన నాడే దానికి జెందని పైరులన్నియు ఎండిపోవును.

మావాడు వసంతర్తువున ఇరువదవనాడు కాలీఫ్లవరు విత్తుచుండెను. అది యెన్నాళ్ల పంటయని మా అత్తగారడిగిరి. పండ్రెండు దినములని వాడు చెప్పెను. కాపువారి యింట బుట్టి పెరిగిన యామె వ్రేళ్లు మడిచి, "ఉన్నవి ఎనిమిది రోజులేగదరా నాయనా! విత్తు వేసేముందు లెక్క చూసుకోవద్దూ?" అనిరి. వాడు తెల్లబోయి, గింజలను మరల సంచిలో వేసికొనెను. ఆనాటినుండి నాయనమ్మ సలహా లేక వాడు విత్తు నాటడు.

ఇక నా తప్పు మాట. ఈ యాటలో నాగలి పట్టినవాడు ప్రొద్దున ఆరింట లేచి, రాత్రి రెండుగంటలలోపల పడుకొనవలెను. పడుకొన్నప్పుడే ఆనాటి పని పుస్తకమున కెక్కినట్లు భద్రమగును. నడుమ నార్పిన ఆ దినమంతయు లేనట్లే. ఇద్దరు కలసి యాడునప్పుడు ఇద్దరును పడుకొన్నగాని తెల్లవారదు. పొలము మావాని కంప్యూటరుమీద నుండుటచే, నేను స్విచ్చి యార్పగానే అక్కకును ఆటు ముగిసినది. వామనగుంటలాడువారి పీటను నడుమ నెవరైన బోర్లించిన మనమూరకుందుమా?

అయితే ఆ దినము మన గడియారమున పదునాలుగు నిమిషములే. పంటకు వచ్చిన నష్టమల్పము. వారమునకొకమారు అక్కయు తమ్ముడును నోరార మాటలాడుకొను వేళను నేను తెంపితిని. నన్ను బాధించినది యిదియే.

పిమ్మట మే మొక యొప్పందము చేసికొంటిమి. "అరగంట, గంట" అని చెప్పుట మానితిమి. నాలుగు దినములు, అనగా మన లెక్కకు గంటకు కొంచెము తక్కువ. నాల్గవనాటి రాత్రి పడుకొని, వెంటనే లేచి కంచము ముందుకు రావలెను. మూడవదినము ముగియకముందే నేను హెచ్చరింపవలెను. ఇప్పటికి ఏడు వారములైనది. రెండుమారులు వాడు మాట తప్పెను. ఒకమారు నేను హెచ్చరించుట మరచితిని.

అన్ని యాటలకు నీ లెక్క సరిపోదు. స్వీడనులో పుట్టి 2011లో వెలువడిన మైన్‌క్రాఫ్టు అను దిమ్మెల యాట, చేసిన పనిని తనంత దానే దాచుకొనుచుండును, ఎప్పుడైన నాపవచ్చును. కౌంటర్ స్ట్రైక్ వంటి తుపాకుల యాటలో ఐదుగురైదుగురు పక్షములు గట్టుదురు. నడుమ లేచిన తక్కిన నలుగురికి నష్టము. అది పెద్దవారి యాట. మా యింట లేదు. పుణెలోని యువకులు 2020లో వెలువరించిన రాజి యను నాటను మా అమ్మాయి మిక్కిలి మెచ్చుకొనును. రాక్షసులెత్తుకొనిపోయిన తమ్మునికొరకు దొమ్మరసాని వంటి యొక బాలిక దుర్గాదేవి యనుగ్రహమున బోరాడు కథ యది. కనుక "ఇంక చాలు" అనుటకు ముందు "ఎక్కడ నాపిన నష్టములేదు?" అని యడుగుడు.

రెండవ ప్రశ్న, ఆ యాట యెవరికి దగినదని. అమెరికాలో ఆటల పెట్టెలపై వయస్సు ముద్రింతురు. స్టార్‌డ్యూ వ్యాలీ పదియేండ్లు నిండినవారికని యచట నిర్ణయించిరి. అందును కల్లంగడి వంటి దొకటి, ఆటనాణెములతో జూదమాడు చోటొకటి గలవు. పిల్లలతో ఆ మాట ముందుగనే చెప్పుకొనుట మంచిది.

మూడవది సొమ్ము. జూదమున ధర్మరాజంతవాడు ఏమి పోగొట్టుకొనెనో మనకు జెప్పనక్కరలేదు. పందెపు సొమ్ముతో నాడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టున పార్లమెంటు చట్టము చేసినది. అంతకు ముందే తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమతమ చట్టములను గట్టిపరచినవి. పందెము లేని యాటలలోను వేషములకు, ఆయుధములకు సొమ్మడుగువి గలవు. బ్యాంకు కార్డును, ఫోనులోని రహస్యసంఖ్యను పిల్లల చేతికీయకుడు.

మొన్నటి యాదివారము మావాడు తన కుర్చీ నాకిచ్చి నీరు పోయుమనెను. నాకు చేతకాలేదు. అటునుండి మా అమ్మాయి, "అమ్మా, నువ్వు నీళ్లు పోస్తున్నది కోళ్లగూటికి!" అని పకపక నవ్వెను. కొంతసేపటికి మళ్లు తెలిసినవి. వత్తులు చేయునప్పుడు, చిక్కుడుకాయ లొలుచునప్పుడు ఆడువారి మనస్సులోని మాటలు తమంత దామే వచ్చుట మనమెరుగనిది కాదు. అట్లే, వరుసవెంట వరుస తడుపుచుండగా అమ్మాయి, "అమ్మా, గణితంలో తప్పాను. నాన్నతో ఎలా చెప్పాలో తెలియక నెలరోజులుగా చెప్పలేదు" అనెను. ప్రతిదినము ఫోనులో "బాగున్నానమ్మా" అను పిల్ల యామె.

నేను నీరు పోయుట ఆపలేదు. "మిగిలిన వరుస నువ్వు పోయి, నాన్నతో నేను చెబుతాను" అంటిని. ఆ రాత్రియే మావారితో జెప్పితిని. వారు కొంతసేపు మాటలాడక, తాము పాఠశాలలో జెప్పు గణితపు పుస్తకమును బల్లమీదికి దెచ్చుకొని, అమ్మాయికి ఫోను చేసిరి.

మీ యిండ్ల పిల్లలు ఏ యాట లాడుచున్నారో నాకు వ్రాయుడు. వ్రాయుటకు ముందు ఒక పూట వారి ప్రక్కను గూర్చుండి చూడుడు.