బుత్‌ఖానాలో మనకేం పని అంటారా?

మొన్న ఈద్ దావత్‌లో మా భాంజీ ఆర్కియాలజీలో ఎంఏ చేస్తానంది. దస్తర్‌ఖాన్ చుట్టూ ఒక్కసారిగా ఖామోషీ. పెద్దల్లో ఒకాయన బిర్యానీ ప్లేటు పక్కన పెట్టి, "బుత్‌లు తవ్వుకోడానికి అడవుల్లోకి పోతావా బేటీ? ఖౌమ్ ఏమనుకుంటుంది?" అన్నారు. పిల్ల తల దించుకుంది. నేనూ నోరు మెదపలేదు. ఆ షర్మిందగీతోనే ఇది రాస్తున్నా.

జనాబ్, ఖౌమ్ ఏమనుకుంటుందో తర్వాత చూద్దాం. ఏం చేసిందో ముందు వినండి.

అజంతా ఒకప్పుడు నిజాం రియాసత్‌లోది. వాఘోరా వాగు ఒంపులో, కొండ అంచున 30 దాకా గుహలు. చుట్టూ జంగిల్. 1909-11 మధ్య చలికాలాల్లో లేడీ హెరింగ్‌హామ్ అనే ఇంగ్లీషు చిత్రకారిణి ఆ గోడల బొమ్మలకు నకళ్లు తీయడానికి ఫర్దాపూర్‌లో మకాం పెట్టింది. ఆమెతో నందలాల్ బోస్ పనిచేశారని చాలామందికి తెలుసు. మన రియాసత్ తరఫున వెళ్లిన సయ్యద్ అహ్మద్, మొహమ్మద్ ఫజ్లుద్దీన్ పేర్లు మన ఇళ్లలో ఎవరికైనా తెలుసా? గబ్బిలాల కంపులో, చాలని వెలుతురులో ఆ గీతలను కాగితం మీదికి ఎక్కించిన చేతుల్లో వాళ్లవీ ఉన్నాయి. సయ్యద్ అహ్మద్ తర్వాత ఆ గుహలకే క్యూరేటర్ అయ్యారు.

1914లో హైదరాబాద్ ఆర్కియాలజీ మహకమా మొదలైంది. దానికి నాజిమ్ గులాం యజ్దానీ. రాలిపోతున్న రంగులు కాపాడటానికి ఇటలీ నుంచి ఇద్దరు ఉస్తాదులను రప్పించారు, ఖర్చు నిజాం ఖజానాది. యజ్దానీ సాబ్ అజంతా కితాబు నాలుగు భాగాలూ 1930 నుంచి 1955 దాకా వచ్చాయి. పాతికేళ్ల మెహనత్! మన సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ దిబ్బ తవ్వించి శాతవాహనుల నాణేలు బయటికి తీయించిందీ ఆయనే. అరబీ, ఫార్సీ శాసనాలు పరిష్కరించిందీ ఆయనే. ఇంత చేసి బుత్‌పరస్త్ అయిపోయారా? చూడటం వేరు, సజ్దా వేరు.

జమీన్ మీద తిరిగి వెనకటి ఖౌమ్‌ల అంజామ్ చూడమని ఖురాన్ ఎన్నిసార్లు చెప్పింది! అది ఇబ్రత్ కోసమే, మ్యూజియం కోసం కాదంటారు. ఒప్పుకుంటా. కానీ ఎవరో ఒకరు మట్టి తీయకుండా, ఏది ఎప్పటిదో తేల్చకుండా దేన్ని చూసి ఇబ్రత్ పొందుతాం?

వాట్సాప్‌లో ఎవడో "విగ్రహాలు పగలగొట్టినవాళ్లు" అని పంపితే మనకు గుస్సా వస్తుంది. పగలగొట్టినవాళ్లే లేరని నేను అనను. కాపాడినవాళ్ల పేర్లు మాత్రం మర్చిపోయింది వాడు కాదు, మనమే.

ఇక ఆడపిల్ల డేరాల్లో ఎలా ఉంటుందంటారా? హిఫాజత్ గురించి అడగాల్సిందే. వసతి ఎక్కడ, తోడు ఎవరు, అన్నీ అడగండి. బెంగళూరులో నైట్ షిఫ్ట్ చేసే కోడలి జీతం ఫఖ్ర్‌గా చెప్పుకునే నోటితోనే అడగండి, అంతే.

అప్లికేషన్‌కు ఇంకా పది రోజులుంది. రేపు జుమా తర్వాత చెల్లెలింటికి వెళ్తున్నా. ఆ పెద్దాయన్నీ రమ్మన్నా.