గుణించి చూడండి, తర్వాత నమ్మండి

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పదో తరగతి కాగానే "మనకు లెక్కలు రావు" అంటూ ఆ దారి వదిలేసేవాళ్ళు మన హాస్టళ్ళలో ఎందరో. మనల్ని ఆపుతున్నది భయమేనని నా అభిప్రాయం.

3, 5, 17, 257, 65537 వరుస చూడండి. ఒకదానిలోంచి 1 తీసి, వర్గం చేసి, 1 కలిపితే తర్వాతిది వస్తుంది. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా నమ్మాడు. ఆరోది 4294967297. పెద్దాయన మాట కదా అని ఊరుకోకుండా 1732లో ఆయిలర్ దాన్ని సరిచూశాడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళే. 641ని 6700417తో గుణిస్తే సరిగ్గా ఆ సంఖ్యే వస్తుందని తేల్చాడు!

ఈ గుణకారం ఏడో తరగతి పిల్లలకూ వస్తుంది. చేసేవాళ్ళ కులం, ఊరు, తల్లిదండ్రుల చదువు అది అడగదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. లెక్క దగ్గర ఆ తేడా నాకు ఎన్నడూ అడ్డు రాలేదు.

అందుకే గైడులోని జవాబులు బట్టీ పట్టకండి. స్టడీ అవర్లో రోజుకు ఒక్క లెక్కయినా స్వయంగా సరిచూడండి. సార్ చెప్పినా, సీనియర్ చెప్పినా "ఎందుకు?" అని మర్యాదగా అడగండి.

పై గుణకారాన్ని కూడా నా మాట మీద నమ్మొద్దు. పెన్ను తీయండి.